బొజ్జన్నకొండలో ఫోటోలు: నా పాత క్యాప్షన్ ఎందుకు తప్పంటే

ఈరోజు స్క్రీన్ మీద మీకు మొదట చూపించాల్సిన ఫోటో ఒకటుంది, కానీ చూపించను. ఎందుకంటే అందులో నేను చేసిన పని చూస్తే మీరే తిడతారు.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి బొజ్జన్నకొండకి వెళ్లా. అనకాపల్లి ఊరు దాటి కొద్ది దూరం పోతే శంకరం అనే పల్లె, ఆ పక్కనే కొండ. వైజాగ్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. నిజానికి అక్కడున్నవి రెండు కొండలు: తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. లింగాలకొండ మీద నున్నగా గుండ్రంగా ఉన్న ఒక రాయెక్కి కూర్చుని, కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని ఫోటో దిగా. క్యాప్షన్ ఏం పెట్టానో తెలుసా? "వందల శివలింగాల కొండ మీద మన సింహాసనం." లైకులు బాగానే వచ్చాయి.

కిందికి దిగుతుంటే అక్కడ కాపలా ఉండే పెద్దాయన ఆపారు. "ఏటి బాబూ, గుడి మీదెక్కి కూకున్నావేటి?" అన్నారు. నేను "గుడి ఎక్కడుందండీ, అన్నీ రాళ్లే కదా" అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలేదు. చెయ్యెత్తి కొండంతా చూపించారు, అంతే. నాకప్పుడు అర్థం కాలేదు. చదువుకుని మళ్లీ వెళ్లాక అర్థమైంది. ఆ కొండే గుడి.

ఇక్కడ ఉన్నవి చాలావరకు కట్టినవి కావు, చెక్కినవి. మామూలుగా గుడంటే రాయి తెచ్చి రాయి మీద పేరుస్తాం. ఇక్కడ ఉల్టా. కొండ రాతిలో అక్కర్లేనిదంతా తీసేస్తే మిగిలిందే స్తూపం. ఒక దెబ్బ పొరపాటున పడితే అతికించడానికి లేదు, కంట్రోల్ జెడ్ లేదు. కొన్నిచోట్ల కింద రాతిని చెక్కి, పైన ఇటుకతో పూర్తి చేశారు. బొజ్జన్నకొండ పైనున్న పెద్ద స్తూపం అలాంటిదే.

లింగాలకొండ మీద వరసలు వరసలుగా ఉన్నవి మొక్కుబడి స్తూపాలు. కింద పీఠం, పైన బోర్లించిన గిన్నెలాంటి గుమ్మటం. వానకీ ఎండకీ అరిగి, పైభాగం నున్నబడి, చూడగానే శివలింగంలా కనిపిస్తాయి. అందుకే ఆ కొండకి లింగాలకొండ అని పేరు పడిపోయింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. పేర్లన్నీ చూడండి. బుద్ధుని కొండ అన్నదే జనం నోట్లో నలిగి బొజ్జన్నకొండ అయిందంటారు. భిక్షువులు ఉండే చోటుని సంఘారామం అంటారు. అదే శంకరం అయిందంటారు. స్తూపాలు లింగాలయ్యాయి. మా ఐటీ భాషలో చెప్పాలంటే ఫైల్ అలాగే ఉంది, ఫైల్ పేరు మారిపోయింది. పేరు మారితే దాన్ని చూసే చూపూ మారిపోతుంది. ఒకప్పుడు కనుమ రోజున ఇక్కడికొచ్చిన జనం బొజ్జలా కనిపించే ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవాళ్లు. ద్వేషంతో కాదండీ, పండగ ఆచారం అనుకుని. తర్వాత వారసత్వ కట్టడాల మీద ప్రేమున్నవాళ్లూ అధికారులూ నచ్చజెప్పి ఆపించారు. వాళ్లని చూసి నవ్వే అర్హత నాకు లేదు. వాళ్లు రాయి విసిరారు, నేనెక్కి కూర్చున్నా.

1907-08లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. ఇటుక కట్టడాలు, భిక్షువుల గదుల పునాదులు, ముద్రలు, నాణేలు బయటపడ్డాయి. వాటిలో సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఉంది. ఎక్కడి గుప్తులు, ఎక్కడి అనకాపల్లి! ఇక్కడి కట్టడాలు ఎక్కువగా క్రీస్తుశకం 4 నుంచి 9వ శతాబ్దం మధ్యవని చెబుతారు. అంటే వందల ఏళ్లపాటు ఇక్కడ ఉలి చప్పుడు వినిపించిందన్నమాట.

సరే, ఇప్పుడు ఫోన్ తీయండి.

బొజ్జన్నకొండ మెట్లెక్కితే పెద్ద గుహ వస్తుంది. ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు. లోపల 16 స్తంభాల గది, చాలా స్తంభాలు విరిగిపోయాయి. మధ్యలో అదే రాతిలోంచి చెక్కిన స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేసే దారి. లోపల చీకటి, బయట మండే ఎండ. ఫోన్ కెమెరా ఇక్కడ తికమకపడుతుంది. దాన్ని దాని ఇష్టానికి వదిలేస్తే ద్వారం తెల్లగా పేలిపోతుంది, లేదా స్తూపం నల్ల ముద్దయిపోతుంది. స్తూపం మీద ట్యాప్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. ఫ్లాష్ వద్దు, ఎదురు వెలుగు పడితే చెక్కడం లోతంతా చదునైపోతుంది. ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ పర్మిషన్ కావాలి, కాబట్టి మోచేతులు ఒంటికి ఆనించి రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. స్తంభానికి ఆనుకోవద్దు ప్లీజ్. డ్రోన్ సంగతి ఇంట్లోనే మర్చిపోండి.

అల్ట్రావైడ్‌లో తీస్తే స్తంభాలు వంగిపోతాయి. వెనక్కి జరిగి వన్ ఎక్స్‌లో తీయండి. పోర్ట్రెయిట్ మోడ్ స్తూపం అంచుల్ని తినేస్తుంది. బ్యూటీ, ఏఐ షార్పెనింగ్ లాంటివి ఆఫ్ చేయండి. ఇక్కడి బుద్ధుడి ముఖాలు కొన్ని బాగా అరిగిపోయాయి. మీ యాప్ ఆ ముఖానికి కొత్తగా కళ్లూ పెదవులూ దిద్దితే ఫోటో అందంగా ఉండొచ్చు, కానీ అది బొజ్జన్నకొండ ఫోటో కాదు.

లింగాలకొండ మీదకి మాత్రం మిట్టమధ్యాహ్నం వెళ్లొద్దు. తల మీద ఎండలో ఆ వరసలన్నీ ఒకే రంగు రాయిలా కలిసిపోతాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్తే పక్కనుంచి వెలుగుపడి ఒక్కో స్తూపం నీడ పక్క స్తూపం మీద వాలుతుంది. పీఠమెక్కడ, గుమ్మటమెక్కడ స్పష్టంగా తెలుస్తుంది. సైజు తెలియాలంటే మనిషిని పక్కన నిలబెట్టండి, పైన కాదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రేమికుల పేర్లు గీకే అన్నలూ వింటున్నారా?

ఇంకో అలవాటు నాకు ఉద్యోగం నేర్పింది. ఒక్క అందమైన ఫోటోతో ఆపను. ఒకే స్తూపం చుట్టూ తిరుగుతూ, ప్రతి ఫోటోలో ముందు ఫోటోలోని సగానికి పైగా భాగం మళ్లీ వచ్చేలా ముప్పై నలభై తీస్తా. ఎక్స్‌పోజర్ లాక్, జూమ్ వద్దు. వాటిని ఫోటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే త్రీడీ మోడల్ తయారవుతుంది. ఈ రాయి ప్రతి వానకీ ఎంతో కొంత అరుగుతూనే ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరైనా పోల్చి చూసుకోవాలంటే తారీఖున్న ఆ మోడల్ పనికొస్తుంది.

నా పాత ఫోటో డిలీట్ చేశా. పోయిన నెల అదే స్తూపాన్ని కింద నిలబడి తీసి పెట్టిన క్యాప్షన్ ఇది: "మొక్కుబడి స్తూపం, లింగాలకొండ, శంకరం, అనకాపల్లి జిల్లా." లైకులు చాలా తక్కువ వచ్చాయి. కామెంట్లలో మాత్రం శంకరం కుర్రాడొకడు రాశాడు: "అన్నా, మేం చిన్నప్పుడు దీని పక్కనే క్రికెట్ ఆడేవాళ్లం, ఇదేంటో ఇప్పుడే తెలిసింది."