అడవికి వెళ్లిన రైలు

నేరేడుచర్లకు దక్షిణమున, కృష్ణానది దాపున, విష్ణుపురము నుండి జాన్‌పహాడు వైపునకు ఒక రైలుమార్గము పోవుచున్నది. ఆ ప్రాంతపు నేలలో సున్నపురాయి కలదు. రాయి యున్నచోట సిమెంటు కర్మాగారములు వెలసినవి. కర్మాగారములున్న చోటికి రైలు వచ్చినది. బరువైన సరకును చౌకగా దూరదేశములకు చేర్చుటకు నేలమీద రైలును మించిన సాధనము లేదు. పూర్వము కలప కొరకు కూడ ఇట్లే రైళ్లు అడవులలో ప్రవేశించినవి. వాని వెంట పట్టణములు పుట్టినవి. అందు కొన్ని నేడు పేరునకైనను మిగులలేదు, కొన్ని నిలిచియున్నవి. ఈ భేదమునకు కారణమేమో తెలిసికొనదగినది.

చెట్టును నరకుట కంటె దానిని అడవినుండి వెలికి తెచ్చుట కష్టము. టేకు దుంగలలో టన్నుకు మించి తూగునవి కలవు. ఎద్దులతోనో ఏనుగులతోనో వానిని కొంతదూరము ఈడ్పింపవచ్చును గాని, కొండలు, వాగులు దాటించుట మిక్కిలి ప్రయాస. అందుచే పూర్వులు నదుల నాశ్రయించిరి. గోదావరికి ఇరుప్రక్కలనున్న అడవులలో నరికిన కలపను, వెదురును తెప్పలుగా కట్టి ప్రవాహమున విడిచి, పాపికొండల నడుమనుండి రాజమహేంద్రవరమునకు చేర్చుచుండిరి. సముద్రతీరమున కోరంగి రేవులో గోదావరి టేకుతో ఓడలు కట్టెడివారు. అయితే నది మనుష్యుని ఆజ్ఞకు లోబడునది కాదు. వేసవిలో నీరు చాలదు; వరదలో తెప్ప నిలువదు; నదికి దూరమైన చెట్టును ముట్టుటకే వీలులేదు. ఆ దూరమే అడవికి పెట్టనికోట వలె నుండెను.

రైలు ఆ కోటను ఛేదించినది. అంతకుముందే రైలుమార్గము తన కొరకు కలపను కోరినది. పట్టాల క్రింద అడ్డముగా వేయు దూలములను స్లీపర్లందురు. మైలు మార్గమునకు సుమారు 2,000 స్లీపర్లు కావలెను. 1853లో బొంబాయి, ఠాణాల నడుమ మొదటి ప్రయాణికుల బండి నడచిన పిదప, దేశమంతటను పట్టాలు పరచుటకై టేకు, సాల, దేవదారు వృక్షములు విరివిగా నేలకూలినవి. అడవులు తరిగిపోవుట చూచి ప్రభుత్వము 1864లో అటవీశాఖను నెలకొల్పి, జర్మను దేశీయుడగు డీట్రిఖ్ బ్రాండిస్ అను శాస్త్రజ్ఞుని దానికి అధిపతిని గావించెను. రక్షణ నియమములు వచ్చుటకు ఆకలి ముందు, ఆలోచన వెనుక అయినది.

కేవలము కలపను మోయుటకే వేసిన రైళ్లు అమెరికాలో మిక్కుటముగా నుండెను. అచ్చటి మిచిగన్ రాష్ట్రమున తెల్లపైను వృక్షముల మహారణ్యము లుండెడివి. కూలీలు శీతకాలమున చక్రములు లేని జారుడుబండ్లపై దుంగలను మంచుమీదుగా నదికి చేర్చి, వసంతమున నది పొంగినప్పుడు రంపపు మిల్లులకు తేల్చుచుండిరి. మంచు సరిగా కురియని యేడు పని సాగెడిది కాదు. 1870 తరువాత వ్యాపారులు అడవిలోనికే పట్టాలు వేయసాగిరి. ఎఫ్రాయిమ్ షే అను కలప వ్యాపారి పళ్లచక్రముల సాయమున తన చక్రములన్నింటిని త్రిప్పుకొను ఇంజనును నిర్మించి, 1881లో దానిపై పేటెంటు హక్కు పొందెను. అది మెల్లగా నడచునదే గాని, నిటారైన ఎత్తులను, ఇరుకైన మలుపులను, నాసిరకపు పట్టాలను లెక్కచేయనిది. ఒకచోట చెట్లు అయిపోగానే పట్టాలను ఊడదీసి మరియొకచోట పరచెడివారు.

ఆ రైళ్లు చేరుచోట రంపపు మిల్లు, మిల్లు చుట్టును పట్టణము ఏర్పడెడివి. ఇండ్లు, అంగళ్లు తరచుగా కంపెనీవే. ఋతువులతో పనిలేక ఏడాది పొడవునను నరకుట సాధ్యమైనందున అడవి త్వరగా కరగిపోయినది. 1910 నాటికి మిచిగన్‌లోని తెల్లపైను అడవి చాలవరకు ముగిసెను. మిల్లులు మూతపడినవి, వ్యాపారులు పడమటి అడవులకు తరలిపోయిరి, అనేక పట్టణములు పాడుపడినవి. పైను చెట్టు పెద్దమ్రాను అగుటకు నూరేండ్లకు పైగా పట్టును. రంపమునకు కొన్ని నిమిషములు చాలును. ఈ లెక్క సరిపడనందుననే ఆ పట్టణములు నిలువలేదు.

దక్షిణ భారతమున కూడ ఇట్టి రైలు ఒకటి ఉండెను. కొచ్చిన్ సంస్థానమువారు పరంబికుళం అడవులలోని టేకును దింపుటకై చాలకుడి వరకు సుమారు 80 కిలోమీటర్ల మార్గమును నిర్మించిరి. అది 1907లో పనిచేయ నారంభించెను. కొండచరియలు మిక్కిలి వాలుగా నున్నచోట ఇంజనుతో పనిలేదు. ఇనుపత్రాటి ఒక కొనకు దుంగల బండిని, మరియొక కొనకు ఖాళీ బండిని కట్టెడివారు. బరువైనది క్రిందికి దిగుచు తేలికైనదానిని పైకి లాగెడిది. 1963లో ఆ మార్గము మూతపడినది.

తెలుగునేలపై అడవిని, రైలును, పట్టణమును ఒక్కచోట చూడదలచినవారు కాగజ్‌నగరమునకు పోవలెను. కాజీపేట నుండి బల్హార్షాకు వేసిన రైలుమార్గము 1929లో పూర్తియై ఉత్తర దక్షిణములను కలిపినది. ఆ మార్గముననే బెల్లంపల్లి బొగ్గుగనులు కలవు. చుట్టును వెదురు అడవులు, దాపున పెద్దవాగు నీరు. కాగితము చేయుటకు కావలసిన వెదురు, నీరు, బొగ్గు, రవాణా అనునవి నాలుగును అట్లు ఒకచోట కూడినవి. 1938లో నిజాము పాలనలో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడి, 1942లో ఉత్పత్తి ప్రారంభించెను. అంతకుమున్ను కొత్తపేట అనబడిన గ్రామము కాగజ్‌నగరమైనది. కాగజ్ అనగా కాగితము. ఊరు తాను చేయు వస్తువు పేరునే ధరించినది.

అడవినుండి వచ్చిన వెదురును యంత్రములు చిన్నచిన్న ముక్కలుగా తరుగును. ఆ ముక్కలను రసాయనములతో పెద్ద పాత్రలలో ఆవిరిపై ఉడికింపగా నారలు విడివడి గుజ్జగును. ఆ గుజ్జును కడిగి, తెల్లపరచి, సన్నని జల్లెడపై పలుచగా పరచి, నీరు పిండి, వేడి ఉరుళ్లపై ఆరబెట్టినచో కాగితము సిద్ధమగును.

వెదురు నిజమునకు చెట్టు కాదు, గడ్డిజాతి మొక్క. దాని కొమ్ము కొన్ని నెలలలోనే పూర్తియెత్తు పెరుగును. మూడు నాలుగేండ్లకు ముదురును. లేతవానిని విడిచి ముదిరినవానిని మాత్రమే కోసినచో, పొద మరల చిగిర్చును. ఈ మర్యాద పాటించినంత కాలము అడవి తరుగదు. పాటింపక మొదలంట కోసినచో మిచిగన్ గతియే ఇచ్చటను పట్టును.

ఆ అడవి నిర్జనమైనది కాదు. గోండులు, కోలాములు తరతరములుగా అందు జీవించుచున్నారు. అడవిపైనను పోడుభూములపైనను తమ హక్కు కొరకు పోరాడిన కొమరం భీము 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణము లర్పించెను. కాగజ్‌నగరము నేడు ఆయన పేరు ధరించిన జిల్లాలోనే కలదు. అడవి ఎవరికి ఎంత అను ప్రశ్న లేక కలప చరిత్ర ఎచ్చటను లేదు.

1988 నాటి జాతీయ అటవీ విధానము, మిల్లులు తమకు కావలసిన ముడిసరకును రైతులచే పెంచించుకొనవలెనని నిర్దేశించినది. క్రమముగా తెలుగు జిల్లాలలో జామాయిలు, సుబాబులు, సరుగుడు తోటలు కాగితపు మిల్లుల కొరకు పెరిగినవి. నరకిన చోట తిరిగి నాటు పంటవలె కలప మారినది.

అయినను ఒక్క మిల్లును నమ్ముకొన్న పట్టణమునకు అపాయము తప్పదు. 2014లో సిర్పూరు మిల్లు ఆర్థికమైన చిక్కులచే ఆగిపోయెను. ఈసారి తరిగినది అడవి కాదు, ధనము. కార్మిక కుటుంబములు జీతములు లేక నాలుగేండ్లు కష్టములు పడినవి. 2018లో జేకే పేపరు సంస్థ చేతికి వచ్చిన పిదప యంత్రములు మరల తిరిగినవి. రైలు ఉండుటవలన ఊరు పుట్టును, అంతమాత్రమున బ్రదుకదు.

గోదావరి తెప్పల కాలమున అడవిని కాపాడినది దూరము. ఆ దూరమును రైలు తొలగించినది. ఇప్పుడు అడవికి మిగిలిన కోట మనుష్యుని వివేకమొక్కటియే. కోయునది ఎంతయో, పెరుగునది ఎంతయో లెక్కచూచుకొన్న పట్టణమునకు అడవి తరతరములు తోడుండును. చూచుకొననిదానికి పెరికివేసిన పట్టాల జాడలే మిగులును.