చోటు పోతే పోనీ, పని సాగనీ

కంప్యూటరుకు కాపలా అనగానే మనకు తోచేది పాస్‌వర్డు. అది వీధి తలుపు మాత్రమే. లోపలికి వచ్చిన ప్రోగ్రాము ఏ గదిలోకి పోవచ్చు, ఏ పెట్టె ముట్టరాదు అని శాసించే కట్టడి వేరే ఉంది. లినక్స్‌లో అటువంటిదే ఎస్.ఇ.లినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో దీనిని లోకానికి విడుదల చేసింది. 2003లో 2.6 కెర్నెల్‌తో లినక్స్‌లో అంతర్భాగమైంది.

దీని నియమావళి ఒకే గ్రంథం కాదు. వెబ్ సర్వరుకొకటి, డేటాబేసుకొకటి, ప్రింటరుకొకటి, ఇలా వందలకొద్దీ మాడ్యూళ్ళు. చిక్కంతా ఇక్కడే ఉంది. మనం ఒక్క చిన్న మాడ్యూలు చేర్చినా, ‘సెమాడ్యూల్’ అనే పనిముట్టు తక్కినవన్నీ కూడా చదివి, కలిపి, కెర్నెల్‌కు పనికివచ్చే ఒకే ఫైలుగా మళ్ళీ తయారుచేస్తుంది. నియమాలు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో మొత్తం చూస్తేగాని తెలియదు గదా!

మనం వేరే ఏర్పాటు చేయకపోతే ఆ మాడ్యూళ్ళు బీజిప్2 పద్ధతిలో కుదించి ఉంటాయి. బట్టలు ట్రంకుపెట్టెలో కుక్కితే చోటు కలిసివస్తుంది. కాని చొక్కా ఒక్కటి కావాలన్నా పెట్టె అంతా దులపాలంటే ఎవరికి ఓపిక? ‘సెమానేజ్.కాన్ఫ్’ ఫైలులో ‘బీజిప్-బ్లాక్‌సైజ్’ విలువ 1 నుంచి 9 వరకు ఉంటే కుదింపు, 0 అయితే కుదింపు లేదు. 0 పెడితే డిస్కు ఎక్కువ పడుతుంది, విప్పే శ్రమ తప్పుతుంది. నియమాలను కలిపే పని మాత్రం ఎలాగూ తప్పదు.

ఇటువంటి బేరమే ఇంకొకటి ఉంది. మాడ్యూలును సి.ఐ.ఎల్. అనే మధ్య భాషలోకి ఒకసారి మార్చాక, మూలంతోపాటు ఆ అనువాదాన్నీ దాచిపెడతారు. రెండు ప్రతులకు చోటు కావాలి; మాటిమాటికీ అనువదించే పని లేదు.

తక్కువ డిస్కుతో నడిచే పరికరానికి కుదింపే మేలు. డిస్కు ధారాళంగా ఉన్న సర్వరులో చోటుకు పిసినారితనం ఎందుకు? పనిముట్టు నత్తనడక నడిస్తే మనిషి విసుగెత్తి, ‘ఈ పీడ ఎందుకు’ అని కాపలానే ఆపేస్తాడు. అప్పుడు ఎంత గొప్ప నియమావళి అయినా కాగితం పులే. కొద్దిపాటి డిస్కు ఇచ్చి మనం కొనుక్కొనేది వేగం ఒక్కటే కాదు, కాపలాను నిలబెట్టే ఓపిక కూడా అని నా నమ్మకం.