ఎన్‌రోల్డ్ నర్స్ కోర్సు: ఆమోదం చూశాకే చేరాలి

ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో నర్సులు ప్రధానంగా రెండు రకాలు. విశ్వవిద్యాలయంలో మూడేళ్ల డిగ్రీ చదివినవారు రిజిస్టర్డ్ నర్సులు. వృత్తివిద్యా సంస్థలో డిప్లొమా ఆఫ్ నర్సింగ్ పూర్తిచేసినవారు ఎన్‌రోల్డ్ నర్సులు. బీపీ, నాడి, జ్వరం చూసి రాయడం, గాయాలకు కట్లు మార్చడం, మందులు ఇవ్వడం, లేవలేని రోగికి స్నానం, భోజనం దగ్గర సాయపడటం వీరి రోజువారీ పని. ఇదంతా రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలోనే జరుగుతుంది. అయినా తన చేతుల మీదుగా జరిగిన పనికి జవాబుదారీ ఎన్‌రోల్డ్ నర్సే. ఆసుపత్రుల్లోనే కాక వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో, మానసిక ఆరోగ్య విభాగాల్లో, ఊళ్లలోని చిన్న క్లినిక్‌లలో కూడా వీరికి ఉద్యోగాలుంటాయి.

డిప్లొమా కోడ్ హెచ్‌ఎల్‌టీ 54121. పూర్తికాలం చదివితే 18 నుంచి 24 నెలలు పడుతుంది. మొత్తం 25 యూనిట్లు. శరీర నిర్మాణం, ఇన్ఫెక్షన్ల నివారణ, మందుల మోతాదు లెక్కలు, వృత్తి చట్టాలు, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ, అక్కడి ఆదివాసీ ప్రజల ఆరోగ్యం ముఖ్యమైన పాఠాలు. వీటితోపాటు కనీసం 400 గంటలు ఆసుపత్రిలోనో సంరక్షణ కేంద్రంలోనో పనిచేస్తూ నేర్చుకోవాలి. దీన్నే ప్లేస్‌మెంట్ అంటారు. దీనికి జీతం ఉండదు. కొన్ని పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పినా ప్లేస్‌మెంట్‌ను ఇంట్లో కూర్చుని పూర్తిచేయడం కుదరదు.

కోర్సు వెతికేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆమోదం. సంస్థకు వృత్తివిద్య నేర్పే అనుమతి ఉంటే సరిపోదు. అది నడిపే నర్సింగ్ కోర్సును ఆన్‌మాక్ అనే అక్రెడిటేషన్ మండలి పరిశీలించాలి, ఆస్ట్రేలియా నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ బోర్డు ఆమోదించాలి. ఆమోదం లేని కోర్సు చదివితే డిప్లొమా చేతికొచ్చినా బోర్డు రిజిస్ట్రేషన్ ఇవ్వదు. రిజిస్ట్రేషన్ లేకుండా నర్సునని చెప్పుకోవడం అక్కడ చట్టరీత్యా నేరం. ఆమోదం పొందిన కోర్సుల జాబితా ఆప్రా వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆరోగ్య వృత్తుల రిజిస్ట్రేషన్ చూసే జాతీయ సంస్థ ఆప్రా. కన్సల్టెన్సీ మాట, బ్రోచర్‌లోని బొమ్మ కాక ఈ జాబితానే ప్రమాణంగా తీసుకోవాలి. ఒక సంస్థకు అనేక క్యాంపస్‌లు ఉంటే తాము చేరబోయే క్యాంపస్‌కూ ఆ ఆమోదం వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

పేర్ల దగ్గర కూడా పొరపాటు జరుగుతుంటుంది. ఇండివిడ్యువల్ సపోర్ట్‌లో సర్టిఫికెట్ త్రీ అనే చిన్న కోర్సు సంరక్షణ సహాయకులను తయారుచేస్తుంది. ఉపాధికి అది మంచి చదువే, కానీ అది చదివినవారు నర్సులు కారు.

ఆమోదం ఉన్న సంస్థలు కొన్ని తేలాక వాటిని పోల్చి చూడాలి. ప్రభుత్వ రంగంలోని టేఫ్ సంస్థలు చాలా నగరాల్లో ఈ కోర్సు నడుపుతున్నాయి. ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. ప్లేస్‌మెంట్ సంస్థే చూపిస్తుందా, అది ఎంత దూరంలో ఉంటుంది, రాత్రి షిఫ్టులు ఉంటాయా, యూనిఫాం, టీకాలు, తనిఖీల ఖర్చు ఫీజులో కలిసే ఉందా అన్నవి ముందే అడగాల్సిన ప్రశ్నలు. చిన్నపిల్లలున్న తల్లులకు, ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఫీజు కన్నా ఈ జవాబులే ముఖ్యమవుతాయి.

చేరేముందు చదవడం, రాయడం, లెక్కలు ఏ స్థాయిలో ఉన్నాయో సంస్థ పరీక్షిస్తుంది. ప్లేస్‌మెంట్‌కు వెళ్లడానికి పోలీసు రికార్డు తనిఖీ, హెపటైటిస్ బి, తట్టు వంటి వ్యాధులకు టీకాలు వేయించుకున్న ఆధారాలు కావాలి. ఇంగ్లిష్ విషయంలో బోర్డు నియమం గట్టిది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడటంలో 7 చొప్పున, రాయడంలో 6.5, మొత్తం మీద 7 రావాలి. ఓఈటీ, పీటీఈ వంటి పరీక్షల స్కోర్లు కూడా చెల్లుతాయి. భారతదేశంలో ఇంగ్లిష్ మీడియంలో చదివామన్నంత మాత్రాన మినహాయింపు రాదు.

పౌరులకు, పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నవారికి రాష్ట్రాన్ని బట్టి ఫీజు రాయితీలుంటాయి. కొన్నిచోట్ల టేఫ్‌లో ఉచిత సీట్లు కూడా దొరుకుతాయి. అర్హులకు కేంద్ర ప్రభుత్వం వీఈటీ స్టూడెంట్ లోన్ ఇస్తుంది. విదేశీ విద్యార్థులకు ఈ వెసులుబాట్లు వర్తించవు, పూర్తి ఫీజు కట్టాల్సిందే. వారు చేరే కోర్సు, విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న కోర్సుల జాబితా అయిన క్రికోస్ రిజిస్టర్‌లో కూడా ఉండాలి. స్టూడెంట్ వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పనిచేయకూడదు. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ గంటలు ఈ లెక్కలోకి రావు.

మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో భారతదేశంలోనే జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివి వెళ్లినవారూ ఉన్నారు. అలాంటివారు తొందరపడి మళ్లీ డిప్లొమాలో చేరనక్కర్లేదు. విదేశాల్లో చదివిన నర్సులు తమ అర్హతను బేరీజు వేసుకోవడానికి ఆప్రా వెబ్‌సైట్‌లో సెల్ఫ్ చెక్ ఉంది. దాని ఫలితాన్ని బట్టి కొందరు రెండు పరీక్షలు రాసి నేరుగా రిజిస్టర్డ్ నర్సులయ్యే అవకాశం ఉంటుంది. ముందు ఆ దారి చూసుకుంటే డబ్బు, రెండేళ్ల కాలం మిగిలే వీలుంది.

కోర్సు పూర్తయ్యాక ఆప్రాకు దరఖాస్తు చేసి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దాన్ని ఏటా మే 31లోగా పునరుద్ధరించుకోవాలి. ఏడాదికి కనీసం 20 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలి. అయిదేళ్లలో 450 గంటలు వృత్తిలో పనిచేసి ఉండాలి. పై చదువుకు దారి మూసుకుపోదు. చాలా విశ్వవిద్యాలయాలు ఈ డిప్లొమాకు క్రెడిట్ ఇచ్చి బ్యాచిలర్ డిగ్రీ కాలాన్ని తగ్గిస్తాయి.

నర్సు చేతిలో రోగి ప్రాణం ఉంటుంది కాబట్టే ఇన్ని నియమాలు. అందుకే ఈ చదువుకు సిద్ధపడేవారు ఫీజు కట్టే ముందే ఆప్రా జాబితాలో తమ కోర్సు పేరును స్వయంగా చూసుకోవాలి. ఆ పేరు కనిపించకపోతే ఎంత తక్కువ ఫీజైనా, ఎవరు ఎన్ని హామీలిచ్చినా ఆ కోర్సులో చేరకూడదు.