సుఖము ఆయువును పెంచునా?



మన యిండ్లలో పిన్నలు పాదములకు నమస్కరించినపుడు పెద్దలు రెండు దీవనలిత్తురు. చిరకాలము జీవింపుమనుట ఒకటి. సుఖముగా నుండుమనుట రెండవది. వీనిని వేరువేరుగా చెప్పుటలోనే మన పూర్వులు ఒక భేదమును గుర్తించిరి. చిరకాలము బ్రదికినవారందఱు సుఖపడిరని చెప్పలేము. సుఖపడినవారందఱు చిరకాలముండిరనియు చెప్పలేము. అయినను ఈ రెంటికిని సంబంధము కలదని లోకులు తలంతురు. “దిగులుతో చిక్కిపోయినాడు” అని యొకరిని గూర్చియు, “మనసు నిమ్మళముగా నున్నది గనుకనే ఎనుబది దాటినను గట్టిగా నున్నాడు” అని మఱియొకరిని గూర్చియు రచ్చబండయొద్ద వినుచునే యుందుము. ఈ లోకవాక్యము పరీక్షకు నిలుచునా లేదా యని యీ పూట విచారింతము.

ఇచ్చట సుఖమనగా భోగము గాదు, ధనము గాదు, పరిహాసము గాదు. పరిశోధకులు వృద్ధులను అడిగిన ప్రశ్నలు మిక్కిలి సామాన్యమైనవి. సింగపూరులో 2009వ సంవత్సరమున 60 ఏండ్లును అంతకు పైబడియు నున్న 4,478 మందిని ప్రశ్నించిరి. సంతోషముగా నుంటిరా? జీవితము హాయిగా తోచినదా? రానున్న కాలమును గూర్చి ఆశ కలదా? ప్రశ్నలు ఈ మూడే. పిమ్మట 2015 చివర వఱకు వారిలో నెవరు జీవించియుండిరో, ఎవరు గతించిరో లెక్కించిరి. సంతోషముగా నుంటిమని చెప్పినవారిలో మరణించు సంభవము నూటికి 19 వంతులు తక్కువగా కనబడినది. వయస్సు, చదువు, రోగములు, పొగత్రాగుట మొదలగు భేదములను లెక్కలో సరిచేసిన పిమ్మట తేలిన మాట యిది. పురుషులయందును స్త్రీలయందును, 75 ఏండ్లు దాటినవారియందును ఇదియే రీతి.

ఇంగ్లండులో వేరొక మార్గమవలంబించిరి. గడచిన దినములను గూర్చి అడిగినచో జ్ఞాపకము మనలను మోసగింపవచ్చును గదా! అందుచే 52 మొదలు 79 ఏండ్ల వఱకు గల సుమారు 3,800 మందిచేత ఒక్క దినములో నాలుగు వేళల వారి మనఃస్థితిని గుర్తు పెట్టించిరి: నిద్ర లేచినపుడు, లేచిన అరగంటకు, రాత్రి 7 గంటలకు, పరుండబోవునపుడు. అయిదేండ్లు గడచిన తరువాత చూడగా, సంతోషము తక్కువగా నున్న మూడవవంతు జనములో నూటికి ఏడుగురికి పైగా మరణించియుండిరి. అధికముగా నున్న మూడవవంతులో నూటికి నలుగురికి లోపుగనే మరణించిరి. ఈ ఫలితము 2011లో ప్రకటింపబడినది.

ఒక్కనాటి సంతోషము చాలునా యని మీరడుగవచ్చును. ఆ దేశమందే 50 ఏండ్లు దాటిన తొమ్మిదివేల మందికి పైబడినవారిని 2002 మొదలు 2006 వఱకు రెండేండ్ల కొకసారి చొప్పున మూడు మారులు విచారించిరి. మూడు మారులును జీవితము బాగుగా నున్నదని చెప్పినవారిలో, ఒక్క మారును చెప్పనివారికంటె మరణసంభవము నూటికి 24 వంతులు తక్కువ. రెండు మారులు చెప్పినవారిలో 17 వంతులు తక్కువ. కనుక పండుగనాటి యుల్లాసముకంటె నిలుకడగల సంతోషమే లెక్కకు వచ్చుచున్నది.

ఇంతవఱకు విన్న తార్కికుడు ఊరకుండడు. అతని పూర్వపక్షమును ఆలకింతము. కుండ పుట్టుటకు మన్ను, సారె, దానిని త్రిప్పు కఱ్ఱ, కుమ్మరి కారణములు. ఆ మన్నును మోసికొని వచ్చిన గాడిదయు కుండకు ముందే యున్నది. అయినను గాడిద కుండకు కారణమని యెవ్వరు నొప్పుకొనరు. దీనినే మన తర్కశాస్త్రమున అన్యథాసిద్ధమందురు. సంతోషము సారెను త్రిప్పు కఱ్ఱవంటిదా, మన్ను మోసిన గాడిదవంటిదా? దేహము బాగుగా నున్నవానికి సంతోషమును కలుగును, ఆయువును కలుగును. అట్లైన ఆరోగ్యమే రెంటికిని మూలముగాని, సంతోషము ఆయువునకు కారణమెట్లగును?

ఈ పూర్వపక్షమునకు గొప్ప బలము కలదు. బ్రిటనులో ఏడులక్షలకు పైబడిన స్త్రీలను పది యేండ్లు కనిపెట్టి, 2015 చివర నొక ఫలితమును ప్రకటించిరి. పైకి చూడగా సంతోషము లేనివారిలో మరణములు హెచ్చుగనే యుండెను. కాని మొదటనే యున్న రోగములను, వారు తమ యారోగ్యమును గూర్చి తామే చెప్పిన మాటను, పొగత్రాగుట, పేదఱికము మున్నగువానిని లెక్కలో చేర్చగా ఆ భేదము మాసిపోయినది. రోగమే దుఃఖమును తెచ్చుచున్నది, రోగమే ప్రాణమును తీయుచున్నది. దుఃఖము తనంతట తాను ప్రాణము తీయుట లేదు అని వారు నిర్ణయించిరి.

దీనికి సమాధానము లేకపోలేదు. ఆ స్త్రీల నడిమి వయస్సు 59 ఏండ్లు. వార్ధకమును గూర్చిన మాట అంతతో ముగియదు. మఱియు “నీ యారోగ్యమెట్లున్నది?” అని యడిగినపుడు, మనస్సు క్రుంగినవాడు తన దేహమును గూర్చియు తక్కువగనే చెప్పును. ఆ మాటను లెక్కలో సరిచేసినచో, దానితోగూడ సంతోషముయొక్క ఫలము కొంత కొట్టివేయబడును.

ఇట్టి సంశయమును తీర్చుటకు దేహము, ఆహారము, వృత్తి సమానముగా నున్న జనము కావలయును. అట్టివారు అమెరికాలో దొరికిరి. వారు క్రైస్తవ సన్యాసినులు. ఒకే నియమము, ఒకే భోజనము, ఒకే బోధకవృత్తి. పెండ్లి లేదు, పొగాకు లేదు. వారు మఠమున చేరిన వయస్సున, సుమారు 22వ యేట, తమ జీవితకథను స్వహస్తముతో వ్రాసియిచ్చిరి. అట్టి 180 వ్రాతలను ఆఱు దశాబ్దములు గడచిన పిమ్మట చదివి, అందలి సంతోషవాక్యములను లెక్కించిరి. అట్టి వాక్యములు మిక్కిలి యెక్కువగా వ్రాసిన నాలుగవవంతువారు, మిక్కిలి తక్కువగా వ్రాసినవారికంటె సుమారు 7 ఏండ్లు అధికముగా జీవించిరని 2001లో తెలిసినది. ఇరువది రెండేండ్ల పడుచుదనమున వ్రాసిన వాక్యములకు ముసలితనపు రోగము కారణము కాజాలదు గదా!

అట్లని తొందరపడి సంతోషమే మందని చాటరాదు. 180 మంది కొద్దిమందియే. పుట్టుకతో వచ్చిన దేహతత్త్వము వారి వ్రాతకును ఆయువునకును మూలమై యుండవచ్చును. కావున నాకు తోచిన సిద్ధాంతమిది: సంతోషము ఆయువునకు ఒంటికారణము గాదు, కొన్ని ద్వారములగుండా పనిచేయు సహకారికారణము. సంతోషముగా నుండువాడు వేళకు భుజించును, నాలుగడుగులు నడచును, వైద్యుడిచ్చిన మాత్రను మఱవడు, రాత్రి నిద్రపోవును, నలుగురితో కలియును. దిగులు పాతుకొన్న దేహములో కార్టిసాల్ అను రసము మితిమీరి యూరవచ్చును. అది చిరకాలము హెచ్చుగా నున్నచో రక్తపోటును, రక్తములోని చక్కెరను పెంచును.

ఈ సిద్ధాంతమునుండి మూడు కర్తవ్యములు పుట్టుచున్నవి.

మొదటిది. వృద్ధుని దిగులును వయసుధర్మమని త్రోసివేయరాదు. నిన్నటివఱకు పురాణకాలక్షేపమునకు ముందుగా వచ్చి కూర్చుండిన పెద్దమనిషి రెండు వారములుగా అరుగు దిగుట లేదు, అన్నము సయించుట లేదు, తెల్లవారుజామున మేలుకొని కూర్చుండుచున్నాడు, దేనియందును ఆసక్తి లేదు. దీనికి వైరాగ్యమని పేరు పెట్టవలదు. ఇది రోగలక్షణము కావచ్చును. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి మందగించుట, మధుమేహము, కంటి శుక్లము, చెవుడు, ఇవన్నియు మనస్సును క్రుంగదీయును. క్రుంగుబాటు స్వయముగా నొక రోగమై యుండుటయు కలదు. దానికిని చికిత్స యున్నది. పొగను చూచి నిప్పున్నదని యూహించునట్లు, దిగులును చూచి మూలమును వెదకి వైద్యునికి చూపింపవలయును.

రెండవది. పెద్దవారికి కావలసినది కేవలము సేవ గాదు, తోడును తమదియను పనియును. లోకమందలి 148 పరిశోధనలను, మూడులక్షలకు పైబడిన జనులను ఏకముగా చేర్చి చూచి 2010లో తేల్చినదేమనగా, బంధుమిత్రసంబంధములు గట్టిగా నున్నవారికి ఆ కాలములో బ్రదికియుండు అవకాశము నూటికి 50 వంతులు అధికము. పనిని గూర్చి వేరొక యుదాహరణము. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఒక వృద్ధాశ్రమములో 1976కు ముందు సుమారు 90 మందిపై ఒక పరీక్ష చేసిరి. ఒక అంతస్తులోనివారికి తలకొక మొక్క నిచ్చి, నీరు పోయుట మీ పనియే యనియు, గది యమరికవంటి చిన్న విషయములను మీరే నిర్ణయించుకొనుడనియు చెప్పిరి. వేరొక అంతస్తులోనివారికిని మొక్కలిచ్చిరి. కాని నీరు పోయుట దాదుల వంతు. మూడు వారములకే మొదటివారు చురుకుగను సంతోషముగను కనబడిరి. వారిలో తరువాత మరణములును తక్కువయని చెప్పిరిగాని, అంత చిన్న సంఖ్యపై ఆయువును గూర్చి నిర్ణయింపరాదు. సంతోషమును గూర్చిన మాట మాత్రము మన యిండ్లకు పనికివచ్చును. “నాయనగారూ, మీకెందుకు శ్రమ, మీరు కూర్చుండుడు” అని కొడుకులు ప్రేమతోనే యందురు. ఆ ప్రేమ మితిమీరినచో తాళపుచెవియు పోయి, పెరటిచెట్టును పోయి, కడకు ఇంటిలో తన మాటతో జరుగు పని యొక్కటియు మిగులదు. గేదెకు కుడితి పెట్టించుటయో, మనుమలకు అక్షరములు దిద్దించుటయో, కూలిలెక్క వ్రాయుటయో, ఏదో యొక పని వారి పెత్తనముననే యుండనిండు.

మూడవది మిక్కిలి ముఖ్యము. దుఃఖములో నున్న వృద్ధుని “నీవు దిగులుపడుటచేతనే ఆయువు తగ్గించుకొనుచున్నావు” అని నిందింపకుడు. భార్యను పోగొట్టుకొన్నవాడు, చేతికందిన కొడుకును పోగొట్టుకొన్న తల్లి, నవ్వుడని యాజ్ఞాపించిన నవ్వగలరా? వారి శోకమునకు మరణభయమును కూడ చేర్చుట దయ గాదు. దిగులు తనంతట ప్రాణము తీయదని ఆ ఏడులక్షల స్త్రీల లెక్క చెప్పుచున్నది. అట్టివారికి ఆ మాట కొంత ధైర్యమును గూర్చును. వారియొద్ద కూర్చుండి, భోజనవేళ తప్పకుండ చూచినచో చాలును.

మన దేశమందును 2017-18లో 45 ఏండ్లు దాటిన 72,000 మందికి పైగా జనుల స్థితిగతులను విచారించుట ఆరంభమైనది. మన తెలుగువారును అందున్నారు. మన పల్లెలను గూర్చిన నిజము ఇట్టి విచారణలచేతనే తేలవలయును.

చరకసంహితలో ఆయువును సుఖాయువు, అసుఖాయువు, హితాయువు, అహితాయువు అని నాలుగు విధములుగా చెప్పిరి. దేహమునకును మనస్సునకును బాధ లేక గడచునది సుఖాయువు. పరులకు మేలుగా గడచునది హితాయువు. ఏండ్ల సంఖ్య మన చేతిలో లేదు. కాని తోటి వృద్ధుని సుఖాయువునకు తోడ్పడి మన యాయువును హితాయువుగా చేసికొనుట మన చేతిలోనే యున్నది. రేపు ఉదయమున రచ్చబండయొద్ద కూడినపుడు, కొన్నాళ్లుగా రానివారెవరో యొకసారి లెక్కించి, ఆ యింటి తలుపు తట్టుడు.