జీహెచ్ గారి మౌనవ్రతం

ఎన్ ఐ జీ హెచ్ టీ నైట్, నైట్ అంటే రాత్రి. తెలుగునాట చాలామంది ఇంగ్లిష్ చదువు ఇలాంటి వల్లెవేతలతోనే మొదలైంది. మధ్యలో ఆ జీ, హెచ్ ఎందుకని అడిగిన పిల్లలకు వచ్చే జవాబు ఒకటే: ‘అది సైలెంటు, రాసుకో’. లైట్ అంటే వెలుగు, ఫైట్ అంటే పోట్లాట, డాటర్ అంటే కూతురు, ఎయిట్ అంటే ఎనిమిది. అన్నిట్లోనూ ఈ జంట నోరు మెదపకుండా కూర్చుంటుంది. లాఫ్ అంటే నవ్వు, కాఫ్ అంటే దగ్గు, టఫ్ అంటే గట్టిది. వీటిలో మాత్రం ‘ఫ’ అయిపోతుంది. దెయ్యాన్ని చెప్పే ఘోస్ట్‌లో ఉత్త ‘గ’. మనం ఒత్తి ‘ఘో’ అంటాం కానీ ఇంగ్లిష్ వాళ్లు ‘గోస్ట్’ అనే అంటారు.

రాసింది రాసినట్టు చదివే భాష మనది. మనకిది పిచ్చి వ్యవహారంలా కనిపిస్తుంది. పిచ్చి కాదు. ఒక్కో మాటలో ఆ జంట ఒక్కో దారిన వచ్చి చేరింది.

ముందు నైట్ సంగతి. ఆరేడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఈ మాటను గొంతు గీరుకుంటూ ‘నిఖ్ట్’ అన్నట్టు పలికేవారు. జర్మన్లు ఇప్పటికీ రాత్రిని ‘నాఖ్ట్’ అనే అంటారు. స్కాట్లండులో సరస్సుకున్న పేరు ‘లాఖ్’లోనూ అదే చప్పుడు వినిపిస్తుంది. పాత ఇంగ్లిష్‌లో దీన్ని హెచ్ ఒక్కదానితోనే రాసేవారు. 1066లో నార్మన్లు దేశాన్ని గెలిచాక ఫ్రెంచి అలవాట్లున్న లేఖకులు వచ్చారు. వాళ్ల తర్వాతి తరాల్లో జీహెచ్ స్థిరపడింది. ఆపైన నోట్లోంచి ఆ చప్పుడు జారిపోయింది. కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నిటిలో ‘ఫ’గా మారింది. ఈలోగా అచ్చుయంత్రం రావడంతో పాత స్పెల్లింగులు పాతుకుపోయాయి. అంటే పుస్తకంలో ఉన్నది తాతల పలుకు, నోట్లో ఉన్నది మనవలది.

ఇక్కడే మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. కార్తీకమాసంలో పగలంతా ఉపవాసముండి, చుక్కను చూశాక భోంచేయడాన్ని నక్తం అంటాం. ఆ నక్తం, ఈ నైట్ ఒకే మూలం నుంచి పుట్టాయి. డాటర్‌కు సంస్కృతంలో తోబుట్టువు దుహిత. ఎయిట్‌కు అష్ట. ఇంగ్లిష్‌లో మనం సైలెంటని కొట్టిపారేసే చోట సంస్కృతంలో క, హ, ష నిక్షేపంగా పలుకుతున్నాయి. తెలుగు పిల్లలకు ఇంతకన్నా మంచి గుర్తు దొరకదు. అయినా మన ఇంగ్లిష్ వాచకాలు ఈ ఊసెత్తవు!

ఘోస్ట్ కథ వేరు. దీనికి మొదట్లో ‘గాస్ట్’ అనే రూపం ఉండేది, అందులో హెచ్ లేదు. విలియం కాక్స్‌టన్ ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగరంలో చాలా ఏళ్లు గడిపి, 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. అప్పటి ఫ్లెమిష్ భాషలో దెయ్యం స్పెల్లింగులో జీ పక్కన హెచ్ ఉండేది. అక్కడి అలవాటే అక్షరాలు కూర్చేవాళ్ల చేతుల మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిందని పండితుల మాట. బాతును చెప్పే గూస్‌కూ, మేకను చెప్పే గోట్‌కూ అప్పట్లో ఇలాగే హెచ్ తగిలించారు. అవి వదిలించుకున్నాయి, దెయ్యం వదల్లేదు.

ఆనందం అనే అర్థమున్న డిలైట్‌ది ఉత్త అనుకరణ. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో జీహెచ్ లేనే లేదు. పక్కనున్న లైట్‌ను చూసి 16వ శతాబ్దంలో తగిలించుకుంది. ఇక నెయ్యిని చెప్పే ఘీ, నదీతీరపు మెట్లను చెప్పే ఘాట్ మన ‘ఘ’ను మోసుకుపోయిన మాటలు. హెచ్ వెంట వెళ్లింది గానీ ఒత్తు మాత్రం ఓడ దిగలేదు.

ఈ గందరగోళం మీద ఇంగ్లిష్ వాళ్లే చమత్కారాలు చేసుకున్నారు. ఇనఫ్‌లోని జీహెచ్, విమెన్‌లోని ఓ, నేషన్‌లోని టీఐ కలిపి రాసి దాన్ని ‘ఫిష్’ అని చదవవచ్చట. ఇది బెర్నార్డ్ షా వేసిన జోకని అందరూ అంటారు. కానీ 1855 నాటి ఒక ఉత్తరంలోనే ఇది ఉంది. షా పుట్టింది 1856లో.

సంస్కర్తలూ ప్రయత్నించారు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ త్రూ, దో లాంటి 300 మాటలకు కురచ స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. కాంగ్రెస్ అడ్డం తిరగడంతో వెనక్కి తగ్గాడు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి ఇలాంటి స్పెల్లింగులు వాడి, 1975లో విరమించుకుంది. ‘బర్గ్’తో ముగిసే ఊళ్ల పేర్ల చివర హెచ్ అక్కర్లేదని 1890ల్లో అమెరికా ప్రభుత్వ బోర్డు తీర్మానిస్తే పిట్స్‌బర్గ్ జనం ఊరుకోలేదు. పోట్లాడి 1911లో తమ హెచ్‌ను తిరిగి తెచ్చుకున్నారు. 1976లో వేంకటేశ్వరస్వామి కొలువైన పిట్స్‌బర్గే ఇది.

పరీక్షలకు చదివేవాళ్లకు ఒక మాట. జీహెచ్ మాట మొదట్లో వస్తే ‘గ’ అనండి. టీ ముందు వస్తే వదిలేయండి. నవ్వును చెప్పే లాఫ్టర్, గదిలోకి దూరే గాలిని చెప్పే డ్రాఫ్ట్ మాత్రం దీనికి లొంగవు, వాటిలో ‘ఫ’ పలకాలి. అయినప్పటికీ అనే దో, గుండా అనే త్రూ, క్షుణ్ణంగా అనే థరో, చెట్టుకొమ్మను చెప్పే బౌ, వీటితోపాటు టఫ్, కాఫ్... ఓ, యూల తర్వాత జీహెచ్‌తో ముగిసే ఈ గుంపుకు ఏ సూత్రమూ లేదు. నిఘంటువు తెరవాల్సిందే.