పాలకొల్లు మాండలిన్

మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. ఆ ఏడాది ఆగస్టులోనే, అమెరికాలోని వుడ్‌స్టాక్ ఉత్సవంలో కార్లోస్ సంటానా రాక్ గిటార్‌ను లాటిన్ దరువులతో కలిపి వాయించి పేరు తెచ్చుకున్నాడు. మాండలిన్ అనే పరాయి వాద్యాన్ని సొంత కర్ణాటక బాణీకి ఒప్పించడంలో శ్రీనివాస్ పడ్డ పాట్లు అంతకంటే ఎక్కువేనేమో.

మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. జంట తీగలను ఒక్కలా లాగడం కష్టం కాబట్టి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, సరిగా పలకదు. గమకం లేని కర్ణాటక సంగీతం ఉప్పులేని పప్పే. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని తీగల మీద పలికించేవాడు. ఆ వాద్యం పాడుతున్నట్టు వినిపించడానికి అదే కారణం కావచ్చు.

1978లో గుడివాడలో తొలి కచేరీ. తర్వాత మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. 1973లో సంటానాతో ఆల్బమ్ చేసిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తన 'రిమెంబర్ శక్తి' బృందంలో జాకిర్ హుస్సేన్ తబలా పక్కన శ్రీనివాస్‌ను కూర్చోబెట్టుకున్నారు. కాలేయ మార్పిడి జరిగాక, 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్లకే శ్రీనివాస్ కన్నుమూశారు. తమ్ముడు రాజేశ్‌దీ మాండలినే.