గోడ మారింది, గొళ్లెం మారలేదు
అసోంలో ‘విదేశీయుల’ను జైళ్లలో ఉంచరాదన్న వాదన కోర్టులో నెగ్గింది. ఎంతకాలం ఉంచాలన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది

దొంగతనం చేసి జైలుకెళ్లినవాడికి తానెప్పుడు బయటపడతాడో తెలుసు. పెరోల్ దొరుకుతుంది. పని చేస్తే కూలీ ముడుతుంది. అదే జైల్లో పక్క బ్యారక్‌లో ఉన్న ‘విదేశీయుడి’కి ఇవేవీ లేవు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ప్రత్యేక పరిశీలకుడిగా 2018 జనవరిలో గోల్‌పారా, కోక్రాఝార్ జైళ్లకు వెళ్లిన హర్ష్ మందర్ గమనించింది ఇదే. తన నివేదికపై కమిషన్ చర్య తీసుకోలేదంటూ ఆయన ఆ బాధ్యత వదులుకుని సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

అప్పట్లో అసోంలో ఆరు జిల్లా జైళ్లే నిర్బంధ కేంద్రాలు. విదేశీయుల ట్రైబ్యునళ్లు పౌరులు కారని తేల్చినవారు అక్కడ శిక్ష పడ్డ ఖైదీలతో కలిసి ఏళ్ల తరబడి గడిపారు. నిజానికి వారికి కోర్టు విధించిన శిక్షేమీ లేదు. స్వదేశానికి పంపేదాకా ఒకచోట ఉంచడమే చట్టం ఉద్దేశం. శిక్షాకాలం ముగిసిన విదేశీయులను జైలు నుంచి తప్పించి వేరేచోట ఉంచాలని భీమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2012లోనే ఆదేశించింది. కేంద్రం 2019లో రాష్ట్రాలకు పంపిన నమూనా మాన్యువల్ చెప్పిందీ అదే.

అయినా కదలిక లేకపోవడంతో వ్యవహారం గువాహటి హైకోర్టుకు చేరింది. నిర్బంధ కేంద్రాలు జైలు ఆవరణ వెలుపలే ఉండాలని, ప్రభుత్వ భవనాలు లేకపోతే ప్రైవేటు భవనాలను అద్దెకు తీసుకోవాలని 2020 అక్టోబర్ 7న జస్టిస్ ఎ.ఎం. బుజోర్ బారువా స్పష్టం చేశారు. కానీ గోల్‌పారా జిల్లా మాటియాలో సుమారు రూ.46 కోట్లతో, 3,000 మంది కోసం తలపెట్టిన కేంద్రానికి తొలి విడత 68 మంది చేరింది 2023 జనవరిలోనే. ఈలోగా 2021లో దాని పేరును ‘ట్రాన్సిట్ క్యాంప్’గా మార్చారు.

చోటు మారితే బతుకు మారిందా? అక్కడ చాలినంత నీరు, సరైన మరుగుదొడ్లు లేవన్న నివేదిక చూసి 2024 జులైలో సుప్రీంకోర్టు విచారం వెలిబుచ్చింది. చిరునామాలు తెలియనందున 63 మందిని వెనక్కి పంపలేకపోతున్నామని రాష్ట్రం చెబితే, ముహూర్తం కోసం చూస్తున్నారా అని 2025 ఫిబ్రవరిలో నిలదీసింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఫలానావాడు తమ పౌరుడేనని బంగ్లాదేశ్ ఒప్పుకోనిదే అధికారికంగా అప్పగించడం కుదరదు. మూడేళ్లు పూర్తయినవారిని పూచీకత్తుపై వదలాలని 2019లో, కోవిడ్ వేళ 2020లో ఆ గడువును రెండేళ్లకు తగ్గిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో చాలామంది బయటికొచ్చారు. వారికి ఊరట దక్కింది కాలానికి హద్దు పెట్టినందువల్లే. ఆ హద్దు లేకపోతే, పంపడానికి దేశమే దొరకని మనిషికి ట్రాన్సిట్ క్యాంప్ కూడా జైలే.